జింకల పార్కు స్టాండులో నా సైకిలు సవారీ

ఆ రోజుల్లో కంప్యూటరు ముందు కూర్చున్నవాడికి తెలియనిది ఊళ్లో ఏదీ ఉండదని నా నమ్మకం. కండ్లకోయలో అద్దె సైకిళ్ల కంపెనీలో కొత్తగా చేరాను. ఫోనుతో తాళం తీసి ఎవరైనా తొక్కుకుపోవచ్చు, ఏ స్టాండులోనైనా వదిలేయొచ్చు. ఎవరు ఎక్కడ తీశారో, ఎక్కడ వదిలారో చూసి, ఏ స్టాండులో ఎన్ని ఉంచాలో చెప్పడం మా పని. చిక్కల్లా, ఒకచోట పోగైన సైకిళ్లను ఇంకోచోటికి చేర్చడానికి డీజిల్ వ్యాను తిరిగేది. సైకిళ్లు తగ్గించిన పొగంతా అదే వదిలేసేది. దాని తిరుగుడు తగ్గించే ఉపాయం చెప్పమని మా సారు నన్నూ, నాతోపాటే చేరిన లాల్‌గడి మలక్‌పేట్ అమ్మాయినీ అడిగారు. (ఆఫీసంతా ఆమెను 'లెక్కల అక్క' అనేది. నాకు ఎవరూ ఏ పేరూ పెట్టలేదు. అదీ ఒక బాధే.)

నేను మూడు రోజులు స్క్రీను చూసి, శామీర్‌పేట జింకల పార్కు దగ్గర స్టాండు పెట్టమన్నాను. ఆమె ఆ మూడు రోజులూ కరీంనగర్ రోడ్డు బస్టాపులో నిలబడి, దిగినవాళ్లనల్లా ఎక్కడికి వెళ్తున్నారని అడిగి, ఆ బస్టాపు దగ్గరే పెట్టమంది. పొద్దున బస్సు దిగి తొక్కుకెళ్లినవాళ్లు సాయంత్రం బస్సు కోసం తామే తెచ్చి పెడతారు, వ్యానుతో పనుండదంది. సారు రెండూ పెట్టించారు. ఆమె స్టాండు పొద్దున ఖాళీ, సాయంత్రం నిండు. నా సైకిళ్ల మీద దుమ్ము. సారు ఆమెను మెచ్చుకున్నప్పుడల్లా నా కడుపు మండేది. ఆమె తెచ్చిన సకినాలు కూడా చేదనిపించేవి (అయినా నాలుగు తిన్నాను).

ఇక తట్టుకోలేక, రోజూ ఆఫీసుకు ముందు నా స్టాండుకు వెళ్లి నేనే సైకిలు తీయడం మొదలుపెట్టాను. చెరువు దగ్గరి స్టాండులో వదిలేసి, నడిచొచ్చి ఇంకోటి తీసేవాణ్ని. "ఏరా, వెళ్లేది ఆఫీసుకా, పోలీసు సెలక్షన్లకా?" అంది అమ్మ, చెమటకు తడిసిన నా చొక్కా చూసి. స్క్రీను మీద నా స్టాండు గీత పైకి లేచింది. సారు నావైపు చూసి తల ఊపారు. ఆ పూట అన్నం రుచిగా ఉంది. అయితే వారం తిరక్కముందే వ్యాను రెండింతలు తిరగడం మొదలైంది, చెరువు దగ్గర పోగైన సైకిళ్లను మళ్లీ నా స్టాండుకు మోయడానికి.

ఒక మధ్యాహ్నం లెక్కల అక్క నా బల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "అన్నా, జింకల పార్కు కాడ సైకిళ్లన్నీ ఒక్క మనిషే తీస్తుండు. నంబర్ సూసిన. నీదే. సార్‌కు జెప్పలే, నువ్వే జెప్పు. బండి ఉత్తగ తిరుగుతాంది."

అంతకంటే ఆమె నలుగురిలో బయటపెట్టి ఉంటే హాయిగా కోపం తెచ్చుకునేవాణ్ని. ఇప్పుడు ఆమె మంచితనం మీద కూడా అసూయ పడాల్సి వచ్చింది. వెళ్లి సారుకు చెప్పేశాను. ఆయన నా స్టాండు తీయించి, నన్ను నెల రోజులు ఆమెతోపాటు బస్టాపులో నిలబడమన్నారు. అక్కడ జనం ఆమెతో సొంత బిడ్డతో మాట్లాడినట్టు ఇంటి సంగతులన్నీ చెప్పేవారు. నన్ను చూసి లోను ఏజెంటనుకుని తప్పుకుపోయేవారు.

ఇప్పుడు వేరే కంపెనీలో నా కింద నలుగురు కొత్తవాళ్లు పనిచేస్తున్నారు. వాళ్లలో ఎవరైనా నాకు తట్టని ఉపాయం చెబితే, బాగుందనడానికి నాకు ఒక్క నిమిషం పడుతుంది. ఆ నిమిషం నేనెంతో లోతుగా ఆలోచిస్తానని వాళ్లు చెప్పుకుంటారట.