త్రినాథరావు వంకర లేని కారు

త్రినాథరావుకి కుడికన్ను ఒక్కటే పనిచేస్తుందని భిలాయిలో సగం మంది అనుకునేవాళ్ళు. ఎడమకన్ను కూడా బంగారంలా ఉండేది. ఆయన దానికి పని ఇవ్వలేదు, అంతే.

స్టీలు ప్లాంటు రైల్ మిల్లులో ఆయనది ఇన్‌స్పెక్షన్. చల్లారిన రైలుపట్టా ముందుకి రాగానే వంగి, ఎడమకన్ను మూసి, కుడికన్ను పట్టాకి ఆనించి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూసేవాడు. ఎక్కడైనా వంపు కనిపిస్తే జేబులోంచి సుద్దముక్క తీసి ఇంటూ మార్కు కొట్టేవాడు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ అదే పని. మంచి పనే, ఎవరూ కాదనరు. కానీ షిఫ్టు అయిపోయాక రెండో కన్ను తెరుచుకోవచ్చని ఆయనకి చెప్పినవాళ్ళు లేరు.

ఇంట్లో కర్టెన్ రాడ్డు వంకర. బట్టల దండెం వంకర. మంచం పట్టె ఒకటి వంకర. పక్క క్వార్టరువాళ్ళు పెళ్ళిపందిరి వేసుకుంటే, పిలవకుండానే వెళ్ళి రాటల దగ్గర కూర్చుని ఒంటికన్నుతో చూసి ఇంటూలు పెట్టి వచ్చాడు. పెళ్ళివారు అది ఏదో ఆంధ్రావాళ్ళ ఆచారం కాబోలనుకుని వాటిమీద పసుపు రాశారు. ఇవన్నీ ఒక ఎత్తు. పెళ్ళయిన కొత్తలో భార్య కనకరత్నం తల దువ్వుకుని పూలు పెట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడితే, ఈ మహానుభావుడు ఆవిడ పాపిటని ఒంటికన్నుతో చూసి, "లెఫ్ట్‌కి పోయినాది" అన్నాడు. ఆ పిల్ల విజయనగరం నుంచి రైలెక్కి వచ్చి అప్పటికి వారం కాలేదు. ఆ రోజు నుంచి ఆవిడ పాపిట తియ్యడమే మానేసి, జుట్టంతా వెనక్కి ఈడ్చి ముడేసుకుంది. కూతురు భాగ్యరేఖ కాలేజీకి వెళ్ళే వయసొచ్చినా తల్లికి పాపిట ఉంటుందని ఆ పిల్లకి తెలీదు.

భిలాయిలో రిటైరయినవాడిని ఒంటరిగా ఇంటికి పంపరు. ఆఖరి రోజు డిపార్ట్‌మెంటువాళ్ళు దండలు వేసి, గులాల్ రంగు పూసి, జీపో వ్యానో మాట్లాడి, ముందు ఢోల్ వాయిస్తూ గేటు నుంచి గుమ్మందాకా తెచ్చి దింపుతారు. పెళ్ళినాడు కూడా అంత సందడి లేనివాళ్ళున్నారు. త్రినాథరావుకి ఆ రోజు ఇంకొక్క ఏడాదిలో ఉందనగా, బావమరిది చిట్టిబాబు వచ్చి కూర్చుని పకోడీలు తింటూ నిప్పు రాజేశాడు. చిట్టిబాబు చరోదా రైల్వే యార్డులో షంటింగ్ డ్రైవరు. పగలంతా వ్యాగన్లని అటూ ఇటూ నెట్టడం ఆయన ఉద్యోగం, సాయంత్రం మనుషుల్ని నెట్టడం సరదా.

"నిన్ను కిరాయి జీపులో తెస్తారు బావా," అన్నాడు. "ఆ జీపులో పొద్దున్న కోళ్ళని తోలుంటారు. దండ మీద ఈకలు దులుపుకుని దిగాలి నువ్వు."

ఇంటినిండా జనం. అందరూ నవ్వారు. కనకరత్నం కూడా నవ్వింది, పైగా పళ్ళు కనిపించేలా నవ్వింది. త్రినాథరావు చేతిలో పకోడీ ప్లేటులో పెట్టేసి, ఆ రోజు సొంత కారులో ఇంటికొస్తానని, అదీ వెనక పొడుగు డిక్కీ ఉన్న ఆఫీసర్ల కారులో వస్తానని, రాకపోతే ఈ గుమ్మం తొక్కనని అందరి ముందూ అనేశాడు. ఆ మాట సాయంత్రానికి క్వార్టర్ల సెక్టారు దాటింది, మర్నాటికి సుపేలా కూరగాయల బజారులో తూకం వేస్తూ చెప్పుకున్నారు. ఇక వెనక్కి తీసుకోడానికి లేదు.

కొత్తదా పాతదా అని ఇంట్లో ఆర్నెల్లు రభస. కనకరత్నానికి కొత్తదే కావాలి. ముప్పై ఏళ్ళు స్కూటరు వెనక పక్కకి కూర్చుని నడుం ఒకవైపుకి ఒరిగిపోయిందని, ఇప్పుడైనా ఎవరూ కూర్చోని సీటులో కూర్చుంటానని ఆవిడ కోరిక. భాగ్యరేఖకి చల్లగాలి మిషనున్న కారు కావాలి. అప్పుడే ఊళ్ళోకి గుండ్రటి కొత్త కార్లు ఒకటొకటే దిగుతున్నాయి, సబ్బుబిళ్ళల్లా నున్నగా, మెరుస్తూ. త్రినాథరావు వాటిని రోడ్డు మీద చూసి ముఖం అటు తిప్పుకునేవాడు.

చివరికి తల్లీకూతుళ్ళు ఆయన్ని లాక్కుని సుపేలా మెయిన్ రోడ్డు మీదున్న షోరూముకి తీసుకెళ్ళారు. అద్దాల గది, పాలరాతి నేల, టై కట్టుకున్న కుర్రాడు. ఆ కుర్రాడు ఇంజన్ గురించి, మైలేజీ గురించి హిందీలో పాఠం మొదలుపెట్టి వెనక్కి తిరిగి చూసేసరికి కస్టమరు లేడు. త్రినాథరావు నేల మీద బోర్లా పడుకుని, ఎడమకన్ను మూసి, కారు పక్కనే చెంప ఆనించి చూస్తున్నాడు. కారు కొనడానికొచ్చిన ఒక సేఠుగారి కుటుంబం ఈయనకి మూర్ఛ వచ్చిందనుకుని తాళాలగుత్తి తెచ్చి చేతిలో పెట్టింది.

"నాన్నా, ఉఠో నా," అంది భాగ్యరేఖ గొంతు తగ్గించి. "అందరూ దేఖ్తున్నారు."

లేచాడు. లేచి సుద్దముక్క తీసి, ఆ సబ్బుబిళ్ళ కారు ముందు తలుపు మీద ఒకటి, వెనక తలుపు మీద ఒకటి, డిక్కీ మీద ఒకటి, నిండుగా ఇంటూలు కొట్టాడు.

"మొత్తం వంపే," అన్నాడు. "ముందు నుంచి వెనక్కి ఒక్క చోటా సాఫు లేదు. దీన్ని ఎవడు పాస్ చేశాడు?"

టై కుర్రాడు తుడవడానికి గుడ్డ కోసం పరిగెత్తాడు. వాచ్‌మన్ వచ్చాడు. తల్లీకూతుళ్ళు అప్పటికే రోడ్డు దాటి ఆటో ఎక్కేశారు, ఈయనెవరో తమకి తెలీనట్టు.

ఆ తరవాత త్రినాథరావు ఊరు ఊరంతా గాలించాడు. ఎక్కడ కారు నిలబడి ఉంటే అక్కడ పడుకునేవాడు. దుర్గ్‌లో ఒక డాక్టరుగారి కారు కింద కుక్క ఉంటే దాన్ని జరగమని పడుకున్నాడు. ఎవరి బండిని చూసినా తలుపు దగ్గర సొట్ట, బానెట్ దగ్గర వంగుడు. ఆఖరికి వైశాలి నగర్‌లో రాజగోపాల్ గారి షెడ్డు దొరికింది.

రాజగోపాల్ గారు ప్లాంటులో పెద్ద ఇంజనీరుగా చేసి ఎప్పుడో రిటైరయ్యారు. మాట తేనె. షెడ్డులో ఆయన కారు గుడ్డ ముసుగు కింద నిద్రపోతోంది. ముసుగు తీస్తే, అబ్బో, పాతకాలపు పలకల కారు, తెల్లగా, పొడుగ్గా, డిక్కీలో ఇద్దరు పడుకోవచ్చు. త్రినాథరావు నేల మీద వాలాడు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు, డిక్కీ మీద చెంప పెట్టి చూశాడు. లేచేసరికి ఆయన కంట్లో నీళ్ళు. కూతురు పుట్టినప్పుడు కూడా అంత కరగలేదని కనకరత్నం తరవాత చెప్పింది.

"పట్టాలాగ ఉన్నాదండి," అన్నాడు.

"ఇంతవరకూ ఒక్క గీత పడలేదు," అన్నారు రాజగోపాల్ గారు. "ఎవరినీ గుద్దలేదు, ఎవరూ దీన్ని గుద్దలేదు. మీరు నమ్మినా నమ్మకపోయినా, వానలో కూడా తడవలేదు."

అక్షరం అబద్ధం లేదు. పెద్దమనిషి.

కనకరత్నం కారు చుట్టూ ఒకసారి తిరిగింది. టైర్లు నేలకి అతుక్కున్నట్టున్నాయి. లోపలి నుంచి అటక మీది పాత ట్రంకుపెట్టె వాసన.

"ఏటండీ, ఒక్కసారి స్టార్ట్ చేసి చూపించమనండి," అంది. "రన్నింగ్ చూసుకోరా?"

త్రినాథరావు ఆవిడ వైపు జాలిగా చూశాడు. ఎన్నేళ్ళు కాపురం చేసినా ఈ ఆడదానికి ప్లాంటు వ్యవహారం తెలీలేదే అన్నట్టు చూశాడు.

"రన్నింగ్ ఆపరేషనోళ్ళు చూస్తారు. మనది ఇన్‌స్పెక్షన్," అన్నాడు. "నా డిపార్ట్‌మెంటు కాని దాంట్లో నేను ఎప్పుడూ వేలు పెట్టలేదు."

బేరం అయిపోయింది. కాగితాలు మారాయి. కానీ కారుని ఇంటికి తేలేదు. క్వార్టరు ముందు పెడితే ప్లాంటు ఎర్రదుమ్ము పడుతుందట. పైగా మొదటిసారి ఎక్కడమంటూ జరిగితే ఆ ఆఖరి రోజు గేటు దగ్గరే ఎక్కాలట. అందాకా షెడ్డులో ఉండనిమ్మని అడిగితే రాజగోపాల్ గారు ఎంతో ఉదారంగా సరేనన్నారు. ఆదివారం ఆదివారం త్రినాథరావు స్కూటరు మీద వైశాలి నగర్ వెళ్ళడం, ముసుగు తియ్యడం, పడుకోవడం, ఒంటికన్నుతో చూసుకోవడం, ముసుగు కప్పి రావడం. దేవుడి గుడికి వెళ్ళొచ్చిన ముఖంతో వచ్చేవాడు.

ఆ రోజు రానే వచ్చింది. డిపార్ట్‌మెంటువాళ్ళు పద్ధతి ప్రకారం జీపొకటి తెచ్చి గేటు పక్కన నీడలో నిలబెట్టారు, త్రినాథరావు మాట మీద వాళ్ళకున్న నమ్మకం అంత. చిట్టిబాబు మధ్యాహ్నమే కారు తేవడానికి వెళ్ళాడు. షిఫ్టు వదిలారు, దండలు పడ్డాయి, గులాల్ పడింది, ఢోల్ వాళ్ళు చేతులు నొప్పులెట్టి ఒకసారి ఆపి టీ తాగారు. చిట్టిబాబు జాడ లేదు. జీపు డ్రైవరు ఆవలించి, రావ్ సాబ్ ఎక్కుతారా, నా తరవాతి గిరాకీ పోతోంది అన్నాడు.

అప్పుడు కనిపించింది. ముందు ఇటుకల ట్రాక్టరు. దాని వెనక తాడు. తాడు వెనక తెల్లకారు, స్టీరింగు దగ్గర చిట్టిబాబు, చెమటతో, నూనెతో, ఎలుకల ఎరువుతో గుర్తుపట్టలేనట్టున్నాడు. ముసుగు కింద ఎన్నో ఏళ్ళుగా ఎలుకలు సంసారాలు పెట్టి, పెళ్ళిళ్ళు చేసి, మనవల్ని ఎత్తాయట. వైర్లన్నీ తినేశాయి. ఇంజన్ తుప్పుపట్టి ఒకే ముద్దయింది. రాజగోపాల్ గారిని అడిగితే, నడుస్తుందా అని మీరు అడగలేదు కదండీ, అడిగుంటే చెప్పేవాణ్ణి అన్నారట, మజ్జిగ కూడా ఇచ్చారట. యార్డులో చెడిపోయిన బండిని ఎలా తెస్తారో చిట్టిబాబు అలాగే తెచ్చాడు.

గేటు దగ్గర ఢోల్ ఆగిపోయింది. అందరూ త్రినాథరావు ముఖం చూస్తున్నారు.

"జీపెక్కీ బావా," అన్నాడు చిట్టిబాబు మెల్లగా. నెట్టడమే సరదా అయిన మనిషి కూడా ఆ క్షణాన నెట్టలేదు. "నేనేటీ అనను. ఒట్టు."

త్రినాథరావు జీపు వైపు చూశాడు. చక్కటి జీపు, ఒక్క ఈక లేదు. తరవాత కారు వైపు చూశాడు.

"పట్టా మాత్రం తనంతట తను నడుస్తాదేటిరా," అన్నాడు. "లాగితేనే వస్తాది." అని వెళ్ళి వెనక సీటులో కూర్చున్నాడు. కింద స్ప్రింగు విరిగి గుచ్చుకున్నా మొహంలో కనపడనివ్వలేదు.

అంత నెమ్మదిగా ఇంటికొచ్చిన రిటైరయినవాడు భిలాయి పుట్టిన తరవాత లేడు. సైకిళ్ళు దాటిపోయాయి. ఆవులు దాటిపోయాయి. కర్ర పట్టుకున్న ఒక ముసలమ్మ దాటిపోయి, వెనక్కి తిరిగి, బేటా, సామాన్లేమైనా పట్టుకోనా అని అడిగింది. సెక్టారు మార్కెట్టు చౌక్ దగ్గర తాడు తెగింది. ట్రాక్టరువాడు వెనక్కి చూడకుండా ఇటుకల బట్టీకి వెళ్ళిపోయాడు. ఇక మిగిలింది డిపార్ట్‌మెంటు. రైల్ మిల్లు మొత్తం కారు వెనక చేరి, డిక్కీకి చేతులానించి, భుజాలానించి, ఒకడైతే నడుం ఆనించి, "హైయా జోర్ లగాకే" అంటూ తోసింది. ఢోల్ వాడికి ఉత్సాహం వచ్చి ఆ పాటకే తాళం వేశాడు. లోపల త్రినాథరావు దండలతో నిటారుగా కూర్చుని రెండువైపులా నమస్కారాలు పెడుతూనే ఉన్నాడు. సెక్టారు జనమంతా ఇళ్ళలోంచి బయటికొచ్చారు. మంత్రి వచ్చినా అంతమంది రారు.

గుమ్మం ముందు కనకరత్నం హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. కర్పూరం అప్పటికి మూడోసారి వెలిగించింది. కారు ఆగింది. ఆయన దిగడు. ఇంకాసేపు కూర్చుంటే ఇంకొంతమంది చూస్తారని ఆశ.

"దిగుతారా, మిమ్మల్ని కూడా తొయ్యమంటారేటి?" అంది ఆవిడ.

దిగాడు. హారతి తీసుకున్నాడు. అన్న మాట నిలబెట్టుకున్నానన్నట్టు చిట్టిబాబు వైపు ఒక చూపు చూసి, అలవాటు మానలేక కారు వెనక్కెళ్ళి వంగి, ఎడమకన్ను మూశాడు.

రైల్ మిల్లు చేతులవి, మామూలు చేతులు కావు. డిక్కీ మీద ఎవరు ఎక్కడ తోశారో అక్కడ అచ్చులు దిగాయి. అరచేతులు, భుజాలు, మధ్యలో ఆ నడుం ఆనించినవాడి నడుం. ఆ కారుకున్న ఏకైక సుగుణం చౌక్‌కీ ఇంటికీ మధ్య ఎక్కడో పోయింది. తోసినవాళ్ళంతా చుట్టూ నిలబడి ఆయన సుద్దముక్క కోసం చూస్తున్నారు. జేబులోకి వెళ్ళిన చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది.

"సాఫుగానే ఉన్నాది," అన్నాడు చివరికి. చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది.

కనకరత్నం పళ్ళెం కూతురి చేతికిచ్చింది. కారు పక్కకొచ్చి, తీరిగ్గా వంగి, ఒక కన్ను మూసి ఆ చివరిదాకా చూసింది. తరవాత అదే కన్ను మూసుకుని మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"లెఫ్ట్‌కి పోయినాది," అంది.

మర్నాడు పొద్దున్న ఆవిడ తలంటుకుని, అద్దం ముందు కూర్చుని, పాపిట తీసుకుంది. బాగా పక్కకి, కావాలనే వంకరగా తీసింది. కాఫీ ఇచ్చేటప్పుడు తల వంచి, ఆయన ముక్కు దగ్గరికి తెచ్చి మరీ ఇచ్చింది. త్రినాథరావు రెండు కళ్ళూ బాగా తెరిచి గ్లాసులోకి చూసుకున్నాడు.