ఎకరాలు అడిగాను, బండల సంగతి అడగలేదు

2004లో నేను కర్నూలులో ఒక ట్రాక్టర్ల షోరూంలో సేల్స్‌మన్‌ని. రైతులతో మాట్లాడి, వాళ్ల పొలానికి ఏ సైజు బండి సరిపోతుందో చెప్పి అమ్మడం నా పని. ఆ పనిలో నాకు కొంచెం పొగరు ఉండేది. తోటివాళ్లు దొరికినవాడికల్లా పెద్ద బండి అంటగట్టేవాళ్లు. నేను మాత్రం అలా చేయనని నలుగురిలో చెప్పుకుని తిరిగేవాణ్ణి.

ట్రాక్టర్ సత్తువను హార్స్ పవర్‌లో చెబుతాం. మా దగ్గర ఒక చార్టు ఉండేది. ఎన్ని ఎకరాలు, నల్లరేగడా, ఎర్రనేలా, ఏమేం పనిముట్లు లాగాలి అని అడిగి చార్టులో వేలు పెడితే జవాబు దొరికేది.

ఆ వేసవిలో బేతంచెర్ల దగ్గరి పల్లె నుంచి మద్దిలేటి, ఆయన తమ్ముడు సుంకన్న వచ్చారు. ఇద్దరికీ కలిపి పన్నెండెకరాల గరుసు నేల. ఎద్దుల్ని అమ్మేసి వచ్చారు. వస్తూనే నలభై ఐదు హార్స్ పవర్ బండి దగ్గర నిలబడ్డారు. సుంకన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఇదే గావాల సార్ మాకు," అన్నాడు మద్దిలేటి.

"పన్నెండెకరాలకు ఇదెందుకు మద్దిలేటన్నా? డీజిల్ పోయలేక చస్తావు. ముప్పై ఐదుది చాలు."

"బండలు గూడ తోల్తాం గదా సార్," అన్నాడు సుంకన్న. "సేద్యం పని ఏడాదికి రెండు నెల్లే ఉండాది. కడమ దినాలంతా నాపరాయి గనిలోనే."

"తోలుకోండి, ఎవరొద్దన్నారు? ఇదీ లాగుతుంది."

ఆ మాట అబద్ధం కాదు. లాగుతుంది. కానీ బరువైన ట్రాలీ తగిలించుకుని ఎత్తు ఎక్కేటప్పుడు తేలిక బండికి ముందు భాగం పైకి లేస్తుంది. ముందు చక్రాలు నేలను వదిలాక స్టీరింగ్ ఎంత తిప్పినా లాభం లేదు. పెద్ద బండికి ముందు బరువు ఎక్కువ కాబట్టి తట్టుకుంటుంది. చిన్నదానికైతే ఫ్రంట్ వెయిట్స్ అనే ఇనుప బిళ్లలు బంపర్ దగ్గర బిగించాలి. ఇదంతా నాకు తెలుసు. చార్టులో మాత్రం బండల గడి లేదు, నేనూ వాళ్లకు చెప్పలేదు. చిన్న బండి అమ్మిన మంచివాణ్ణని ఆ రోజంతా మురిసిపోయాను.

మరుసటి ఏడు వేసవిలో సర్వీస్ క్యాంపు కోసం బేతంచెర్ల వెళ్లాను. గని గుంతలోంచి పైకొచ్చే మట్టిదారిలో నేనమ్మిన ఆ బండి ఎదురైంది. వెనక ట్రాలీ నిండా నాపబండలు. మద్దిలేటి తోలుతున్నాడు. సుంకన్న బానెట్ మీద ముందుకు కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు. ఆ గనుల్లో అది అలవాటే. బండి ముందు తేలిపోతుంటే ఒక మనిషిని ఎక్కిస్తారు, ఎత్తు దాటాక దింపేస్తారు.

పైకి రాగానే ఆపించాను. "దిగు సుంకన్నా! చావాలనుందా?"

నవ్వాడు. "నేను దిగితే బండి లేస్తాది సార్. ముందర బరువుండాల గదా."

"దానికి వెయిట్స్ ఉన్నాయి. నేను పంపిస్తా. అంతవరకు సగం లోడే వేసుకోండి."

"సరే సార్, బిరీన పంపు," అన్నాడు మద్దిలేటి.

మా స్టోర్‌లో స్టాకు లేదు. తెప్పించమని చెప్పాను. రెండు వారాలాగి అడిగితే ఇంకా రాలేదన్నారు. ఆ తర్వాత అమ్మకాల హడావుడిలో పడ్డాను. నిజం చెప్పాలంటే మర్చిపోయాను.

తొలకరి వానలు మొదలయ్యాక మద్దిలేటి ఫోన్ చేశాడు. గని దారి బురదగా ఉందట. క్లచ్ వదలగానే బండి ముందు ఒక్కసారిగా లేచింది. బానెట్ మీదున్న సుంకన్న జారి కింద పడ్డాడు. లేచిన చక్రం అతని కాలి మీదే దిగింది. ఆసుపత్రిలో కుడికాలు మోకాలి కింద తీసేశారు.

ఫోన్ పెట్టేసి స్టోర్‌కు పరిగెత్తాను. వెయిట్స్ వచ్చి పది రోజులైంది. గోడవార పేర్చి ఉన్నాయి. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

సుంకన్న ఇంటికి చేరాక వాటిని నేనే తీసుకెళ్లాను. అతను పంచలో మంచం మీద ఉన్నాడు. నేనూ మద్దిలేటీ బిళ్లలు దించుతుంటే కాసేపు చూశాడు.

"ఇవేనా సార్?"

"అవును."

"ఒగొగటి ఎంత తూగుతాది?"

"ఇరవై కేజీలు."

"అట్లయితే నా తూకానికి ఎన్ని పడతాయి?"

"మూడు," అన్నాను.

"మూడేనా," అన్నాడు. అన్నవైపు తిరిగి, "బిగిచ్చన్నా. ఇంగ ముందర ఎవురినీ ఎక్కిచ్చద్దు," అన్నాడు.

ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు అదే పని చేశాను. రైతు వస్తే ఎకరాలు తర్వాత అడిగేవాణ్ణి. పొలం పని లేని రోజుల్లో ఏం తోలుతావు, ఏ దారిలో తోలుతావు అన్నది మొదటి ప్రశ్న. బండి సైజు తేలేది అక్కడే. బండలనో ఇసుకనో అంటే పెద్ద బండే చూపించేవాణ్ణి. చిన్నదే కావాలంటే వెయిట్స్ బిగించకుండా గేటు దాటనిచ్చేవాణ్ణి కాదు. ఆలస్యమవుతోందని మేనేజర్ విసుక్కునేవాడు. మెకానిక్‌లున్నా ఆ బిళ్లలు నేనే ఎత్తి బిగించేవాణ్ణి. మూడోది బిగించాక, ముందర మనిషిని ఎక్కించొద్దని ప్రతి రైతుకూ చెప్పేవాణ్ణి.