పిసరు మేస్త్రి కొన్న మైక్రోమీటరు

మేస్త్రిని ‘పిసరు మేస్త్రి’ అని మొదట ఎవరు పిలిచారో తెలీదు గానీ, పిలిచినవాళ్ళ నోట్లో పంచదార పొయ్యాలి, అంత బాగా అతికింది ఆ పేరు. టీలో పాలు పోస్తుంటే "ఇంకో పిసరు" అంటాడు. పక్కింటివాళ్ళు గోడకి అద్దం తగిలిస్తుంటే దారినపోయేవాడల్లా ఆగి, "ఎడమవైపు ఓ పిసరు దిగింది, చూసుకోండి" అంటాడు. పెళ్ళికి ముందు పిల్లను చూసొచ్చినప్పుడు, ఎలా ఉందిరా అని వాళ్ళమ్మ అడిగితే "బాగానే ఉంది, ఓ పిసరు పొడుగు" అన్నాడట. ఆ మాట ఎలాగో ఆ పిల్ల చెవిన పడింది. ముప్పై ఆరేళ్ళ కాపురంలో అటక మీద డబ్బా తీసిన ప్రతిసారీ, "ఈ పిసరు పొడుగే లేకపోతే మీరు నిచ్చెన కొనాల్సొచ్చేది" అని ఆవిడ అంటిస్తూనే ఉంది.

ఆయన చేసిన పని ఫ్యాక్టరీలో లేతు మిషను మీద ఇనుము చెక్కడం. గిరగిరా తిరిగే కడ్డీకి ఉలి ఆనించి, కావలసినంత మందానికి దాన్ని దించాలి. మిల్లీమీటరుని వంద ముక్కలు చేస్తే అందులో ఒకటి రెండు ముక్కలకి మించి తేడా రాకూడదు. కంటికి అందే తేడా కాదది. దానికి మైక్రోమీటరు కావాలి. గుర్రపునాడాలా వంగిన చట్రం, ఒక కొసన కదలని మొన, రెండో కొసన మరమేకులా తిరుగుతూ ముందుకొచ్చే మొన. మధ్యలో వస్తువు పెట్టి, పిడి తిప్పుతూ, తగిలీ తగలనట్టు తగలగానే ఆపాలి. గట్టిగా బిగిస్తే కొలత తగ్గుతుంది, పట్టు వదులైతే పెరుగుతుంది. ఆ తగిలీ తగలనట్టు అంటే ఎంతో ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు, వేలికే తెలియాలి. మేస్త్రి వేళ్ళకి తెలుసు. ఫ్యాక్టరీలో ఒకే వస్తువుకి ఇద్దరు రెండు కొలతలు చెబితే, "పిసరుని పిలవండి" అనేవారు.

కిందటేడు జబ్బుపడి లేచాక ఆయన కుడిచెయ్యి సన్నగా వణకడం మొదలైంది. ఆ నెలలోనే, ఆయన కొలిచి సరే అన్న ఇరుసొకటి మూడు ముక్కలు తేడా అని వెనక్కొచ్చింది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే ఆయన్ని కోసింది. ఇంకా ఎనిమిది నెలల సర్వీసుండగానే కాగితం రాసిచ్చి ఇంటికొచ్చేశాడు. "చాల్లే, చేసినంత చేశాం" అన్నాడు ఇంట్లో. చెయ్యి సంగతి ఎత్తలేదు. టీ కప్పు ఎడమచేత్తో పట్టుకుంటున్నాడని ఆవిడ కనిపెట్టింది. కనిపెట్టి, అడగలేదు. కప్పుని ఎడమవైపు పెట్టడం మొదలెట్టింది, అంతే.

ఇలా ఉండగా ఒకరోజు, వీధి చివర ప్రింటింగు ప్రెస్సు నడిపే అమ్మాయి వచ్చి గుమ్మంలో చతికిలబడింది.

"బాబాయ్, మా మిషను రోలరు ఇరుసు అరిగిపోయింది. ఆ మోడలే ఇప్పుడెక్కడా లేదట. నువ్వు చేసిపెట్టాలి."

"నేనా? నేను రిటైరయ్యానమ్మా."

"నువ్వయ్యావు. పెరటి గదిలో నీ లేతు అవలేదుగా?"

లోపల్నుంచి ఆవిడ కిసుక్కున నవ్వింది. పాత సామాన్లవాడి దగ్గర ఎప్పుడో కొన్న చిన్న లేతు ఆ గదిలో గుడ్డ కప్పుకుని పడి ఉన్న మాట నిజమే. కాదనడానికి ఆయన దగ్గర ఒకటే కారణం ఉంది, అది చెప్పడానికి నోరు రాలేదు. "చూసి చెప్తాను" అన్నాడు.

చూడాల్సింది ఇరుసుని కాదు, తన చేతిని. అరవై మిల్లీమీటర్ల ఇరుసది. రెండు ముక్కలు తగ్గితే లొడలొడ కొట్టుకుంటుంది, రెండు ముక్కలు పెరిగితే బేరింగులోకి దూరదు. చెయ్యి ఇంకా కొలవగలదో లేదో తేల్చుకోవాలంటే ముందు మైక్రోమీటరు ఉండాలి. ఇన్నాళ్ళూ వాడినవి ఫ్యాక్టరీవి. కొత్తది కొందామంటే ధర వినేసరికే కళ్ళు తిరిగాయి.

మూడు వీధుల అవతల ఒక ఫిట్టరు పోయి ఏడాదిన్నర అయింది. ఆయన పనిముట్లు అమ్ముతున్నారని విని ఇద్దరూ బయల్దేరారు. బేరమాడడానికి వస్తున్నానంది ఆవిడ. అసలు సంగతి, ఆ ఇల్లు లోపలెలా ఉంటుందో చూడాలని ఎన్నాళ్ళనుంచో ఆవిడ మనసులో ఉంది.

ఫిట్టరు భార్య మంచం కిందనుంచి పెట్టెలు లాగి వరసగా పెట్టింది. "ఇవే అన్నయ్యగారూ. పేర్లు నాకు తెలీవు. ఆయన ఉన్నన్నాళ్ళూ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నావి పిండిచేతులట."

యాభై నుంచి డెబ్భై ఐదు మిల్లీమీటర్ల దాకా కొలిచే మైక్రోమీటరు ఒక చెక్కపెట్టెలో ఉంది. సున్నా సరిచూసుకునే ఉక్కు కడ్డీ దాని పక్కనే ఉంది. మేస్త్రి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఈ కొసనుంచి ఆ కొసదాకా పిడి తిప్పాడు. వెనక్కి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

"ఏంటండీ, వంకాయ పుచ్చేమో అని చూసినట్టు అన్నిసార్లు తిప్పుతున్నారు?" అంది ఆవిడ.

"ఇదీ అంతేనే. ఎక్కువ వాడిన చోట లోపల మర అరుగుతుంది. అక్కడ చేతికి తేడాగా తగులుతుంది."

తగల్లేదు. చివరనుండే చిన్న పిడి మాత్రం మూగబోయి ఉంది. ఎంత బిగించాలో కటకటమని చెప్పే పిడి అది. "ఇది పనిచెయ్యట్లేదమ్మా" అన్నాడు దాచకుండా.

"మా ఆయనా వాడేవాడు కాదు అన్నయ్యగారూ. అది కొత్తవాళ్ళకి, నాకు వేళ్ళు లేవా అనేవాడు."

చాన్నాళ్ళకి మేస్త్రి మొహంలో నవ్వొచ్చింది. ఆయన కిటికీ వెలుగులో గీతలు చూసుకుంటూ ఉండిపోతే, ఆడవాళ్ళిద్దరూ మంచం మీద కూర్చుని కబుర్లలో పడ్డారు. "వానాకాలం జాగ్రత్త వదినా. తడి తగిలితే తుప్పు, తుప్పు పడితే ఇక చెత్తబుట్టే. మా ఆయన తేమంటే పామును చూసినట్టు అదిరిపోయేవాడు" అని ఫిట్టరు భార్య చెప్పడం ఆయన చెవిన పడీపడనట్టు పడింది.

దారిలో అడిగాడు, "బేరానికొచ్చిన మనిషివి, నోరే తెరవలేదేం?"

"పెట్టె చేతికిచ్చేముందు ఆవిడ అరచేత్తో దాన్ని ఎలా నిమిరిందో చూశారా? ఇంకేం బేరమాడతానండీ!"

ఇంటికి రాగానే పెట్టెని పెరటి గదిలో బల్ల మీద పెట్టి చెప్పాడు, "దీన్ని ఎవ్వరూ ముట్టుకోకూడదు."

"ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. ‘ఎవ్వరూ’ అని చుట్టూ తిప్పడమెందుకు, నన్నే అనొచ్చుగా?"

పొద్దున్నపూట చేతికి వ్యాయామం చేయించే చోటుకి వెళ్ళిరావడం, భోంచేసి ఓ కునుకు తియ్యడం, మూడింటికి లేచి పెరటి గదిలోకి పోవడం. ఇదీ ఆయన దినచర్య. లేతు మీద ఒక ఇనుప ముక్కని సుమారు అరవైకి దించి, నునుపు చేసి బల్ల మీద పెట్టుకున్నాడు. ముందు ఉక్కు కడ్డీతో సరిచూస్తే సున్నా సున్నాలాగే ఉంది. ఇనుప ముక్కని కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. పదిసార్లు కొలిచి కాగితం మీద వేసుకున్నాడు.

ఒకే ముక్క, ఒకే చోటు, పది కొలతలు పది రకాలు. పైగా ప్రతి కొలతా ముందుదానికన్నా కాస్త పెద్దది. మొదటిదానికీ చివరిదానికీ ఒకటిన్నర ముక్కల తేడా. మళ్ళీ కడ్డీ పెట్టి చూస్తే పనిముట్టులో దోషం లేదు.

మేస్త్రికి పని నేర్పిన గురువు ఒకటే చెప్పాడు. ‘కొలత తప్పితే ముందు నీ చేతిని అడగరా. ఆడలేక మద్దెల ఓడనేవాడు లేతు దగ్గరికి రాకూడదు.’ నలభై ఏళ్ళుగా ఆయన చేతినే అడిగాడు. ఇప్పుడూ చేతినే అడిగాడు, జవాబు దొరికినట్టే ఉంది. చెయ్యి అలిసేకొద్దీ పట్టు సడలుతోంది. పట్టు సడిలితే కొలత పెరుగుతుంది. ఇందులో తిరుగేముంది?

రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. నాలుగో రోజు అన్నం సగంలో వదిలేశాడు. ఐదో రోజు సాయంత్రం ఆ కాగితాలన్నీ చింపి, పెట్టె చంకన పెట్టుకుని, గొడుగు తీశాడు.

"ఈ వానలో ఎక్కడికండీ?"

"ప్రెస్సుకి. ఇంకెవరినైనా చూసుకోమని చెప్పి, ఇది ఫిట్టరుగారింట్లో ఇచ్చేసి వస్తా."

"అయ్యో, పాడైందా?"

"అది కాదే పాడైంది." కుడిచెయ్యి చాచి ఆవిడ ముందు పెట్టాడు. ఏడాదిగా జేబులోనూ, దుప్పటి కిందా, వీపు వెనకా దాచుకున్న చెయ్యి. "ఇదీ."

ఆవిడ ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.  వేళ్ళు ఒక్కొక్కటే నిమిరింది. చివరికి పెట్టెకేసి చూసి, ముక్కు ఎగబీల్చి, "మీ వస్తువు చెక్కుచెదరకూడదనే కదండీ నేను రోజూ..." అని టక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"రోజూ?"

"ఏం లేదు."

"ఏమే, రోజూ ఏంటి?"

"తిట్టనంటే చెప్తా."

"ముందు చెప్పు."

"తేమకి తుప్పు పడుతుందని ఆవిడ చెప్పిందా లేదా? వంటవ్వగానే పొయ్యి పైనున్న అరలో పెడుతున్నా, ఉప్పు డబ్బా పక్కన. పాత శాలువా చుట్టి మరీను. మీరు కునుకు తీసి లేచేలోగా మళ్ళీ బల్ల మీద పెట్టేస్తున్నా. చేతులు శుభ్రంగా తుడుచుకునే ముట్టుకున్నా, ఒట్టు!"

మేస్త్రి పెట్టెకేసి చూశాడు. గొడుగు చేతిలోనే ఉంది.

"ఆ ఉక్కు కడ్డీ కూడా పెట్టెలోనే ఉందా?"

"అన్నీ అందులోనే ఉన్నాయి. నేను తెరిచి చూడను, నాకెందుకూ?" ఒక్క క్షణం ఆగి, "రెండుసార్లు చూశా. మూడు" అంది.

మేస్త్రి పెట్టె దించి గోడకి చేరగిలబడ్డాడు. వేడికి ఇనుము సాగుతుందని ఆయనకి తెలీక కాదు. బయట వాన, గది చల్లన, పెట్టె పెట్టిన చోటే ఉంది. వేడి ఎక్కణ్ణుంచి వస్తుందని అనుమానించాలి? చట్రం పట్టుకునే చోట వెచ్చదనం తెలియకుండా బిళ్ళలుంటాయి, చేతికీ తగల్లేదు. పనిముట్టూ కడ్డీ కలిసి వేడెక్కి, కలిసి సాగి, ఒకదానికొకటి సరిగ్గా సరిపోతున్నాయి. బల్ల మీది ఇనుప ముక్క మాత్రం చల్లగా ఉంది. అందుకే మొదటి కొలత తగ్గుతోంది. పనిముట్టు చల్లారేకొద్దీ ముక్కకి సర్దుకుంటూ కొలత పెరుగుతోంది.

ఇదంతా ఆవిడకి రెండుసార్లు విడమర్చి చెప్పాడు. ఆవిడ మొహం తెల్లబోయింది. "అంటే అయిదు రోజులు మిమ్మల్ని ఏడిపించింది నేనా?"

ముప్పై ఆరేళ్ళలో ఆవిడ మీద అరవడానికి ఇంత మంచి సందు ఆయనకెప్పుడూ దొరకలేదు.  కానీ శాలువా గుర్తొచ్చి నవ్వొచ్చింది. "నాకు చలేసినప్పుడు కూడా ఇంత పొందిగ్గా ఎప్పుడూ చుట్టలేదు నువ్వు" అన్నాడు.

"అయితే మీ చెయ్యి బాగానే ఉన్నట్టేగా?"

"ఏమో. అదీ ఇంకా తెలీదు. రేపు పొద్దున్న తెలుస్తుంది."

 పెట్టె తెరిచి, పనిముట్టునీ కడ్డీనీ ఇనుప ముక్క పక్కన బల్ల మీదే వదిలేశాడు.

మర్నాడు వ్యాయామానికి వెళ్ళలేదు. తెల్లారి ఎనిమిదింటికి ఆవిడ గది గుమ్మంలో నిలబడి, "రావచ్చా?" అంది.

"రా. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. ముందటి కొలత నాకు గుర్తు చెయ్యకు, మొహం కూడా పెట్టకు."

"మొహం పెట్టడమంటే?"

"అదిగో, అదే. అటు తిరుగు."

ఆవిడ గోడకేసి తిరిగి, ముక్కాలిపీట మీద కాగితం పెట్టుకుని కూర్చుంది. మేస్త్రి చట్రాన్ని అరచేతిలో ఇముడ్చుకుని, చిటికెనవేలు దాని వంపులో తగిలించాడు. చెయ్యి వణికింది. వణుకుతూనే బొటనవేలు పిడి మీదికి పోయింది. మొన ఇనుముని తాకే చోట, తగిలీ తగలనట్టు ఉండే ఆ చోట, వణుకు పూర్తిగా పోలేదు గానీ దాని అడుగున పాత స్పర్శ తెలుస్తోంది, వాన చప్పుడులో కూడా మన పిల్ల గొంతు మనకి తెలిసినట్టు. చదివి చెప్పాడు. పిడి విప్పి, చెయ్యి దులుపుకుని, మళ్ళీ కొలిచాడు. అలా మొత్తం పది.

"చదువు" అన్నాడు. కూర్చునే ఓపిక లేక లేతుని పట్టుకుని నిలబడ్డాడు.

ఆవిడ ఒక్కొక్కటే వేలు పెట్టి చదివింది. ఎనిమిది ఒకటే అంకె. రెండింటికి అర ముక్క తేడా. చదవడం అయ్యాక ఇటు తిరిగి, తప్పు తనదన్నట్టు మెల్లిగా, "రెండు తప్పాయండీ" అంది.

"ఫ్యాక్టరీలోనే పదికి పది ఎప్పుడూ రాలేదే నాకు" అన్నాడు మేస్త్రి. "ఇరుసుకి ఒక ముక్కదాకా పరవాలేదు. ఇది అర ముక్క." ఇంకేదో అనబోయి అటు తిరిగి, శుభ్రంగానే ఉన్న లేతుని గుడ్డతో తుడవడం మొదలెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు. కిందటేడు వెనక్కొచ్చిన ఇరుసు తప్పు తనదే కావచ్చు, అప్పటికింకా జ్వరం ఒంట్లోనే ఉంది. అది అలాగే ఉండనీ. ఆవిడ వచ్చి గుడ్డ రెండో కొస పట్టుకుని తనూ తుడిచింది. ఈసారి ముట్టుకోవద్దనలేదాయన.

ఆ మధ్యాహ్నమే ప్రెస్సుకెళ్ళాడు. "చేస్తాను గానీ అమ్మాయ్, తొందరపెట్టకూడదు. రోజుకి రెండు గంటలే."

"నువ్వు చెయ్యడమే పదివేలు బాబాయ్."

ఇరుసుకి పదకొండు రోజులు పట్టింది. అరచేత్తో నొక్కితే అది నిదానంగా బేరింగులోకి పోయి కూర్చుంది. మిషను తిరిగి అచ్చు కొడుతుంటే ఆ అమ్మాయి మొదటి కాగితం తీసి ఆయన చేతికిచ్చింది. అందుకున్నది కుడిచేత్తో. కాగితం అంచు సన్నగా అదురుతూ ఉంది, దాన్ని అలాగే పైకెత్తి చూసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి ఆవిడ ఉల్లిపాయలు ఒలుస్తోంది. ఒక పొర తీసి వెలుగుకి అడ్డంగా పట్టుకుని, "ఏవండీ, ఇది ఎన్ని ముక్కల మందం ఉంటుందంటారు?" అంది.

"మన దగ్గరున్నది యాభై మిల్లీమీటర్లకన్నా తక్కువది కొలవదే. దీనికి చిన్నది కావాలి."

"అయితే కొందాం. ఫిట్టరుగారింట్లో ఉందేమో అడుగుదాం పదండి, అక్కడే కొలిపించి మరీ తీసుకుందాం." అప్పటికే ఆవిడ పొరని కాగితంలో మడుస్తోంది.

మేస్త్రి విప్పిన చెప్పులు మళ్ళీ తొడుక్కున్నాడు. "పైది ఒకటి, లోపలిది ఒకటి, రెండూ పట్రా" అన్నాడు. "రెండూ ఒకేలా ఉండవు."