పిల్లి చిగుళ్లు

ఎలుకల మందు పెట్టే ఆయన ఇంటికి రాగానే కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో మూడుసార్లు కడుక్కుంటాడు. ఆ తర్వాతే పిల్లిని ముట్టుకుంటాడు. ఆ సాయంత్రం గడప మీద సగం తిన్న ఎలుక ఉంది. "మీ పని పిల్లే చేసేస్తోంది, జీతం కూడా అడగదు," అని భార్య నవ్వింది. ఎలుక ముక్కు దగ్గర రక్తం చూసి ఆయన నవ్వలేకపోయాడు. పక్క గోదాములో తను పెట్టిన మందు తిన్నా మూడు రోజుల దాకా ఏమీ బయటపడదు. తర్వాత లోలోపల రక్తం కారుతుంది. పిల్లిని తీసుకెళ్తే పశువుల డాక్టరు సూది వేసి, "చిగుళ్లు తెల్లబడితే వెంటనే తీసుకురండి," అన్నాడు. రెండు రోజులూ తెల్లవారగానే పిల్లి పెదవి ఎత్తి చూశాడు, చిగుళ్లు ఎర్రగానే ఉన్నాయి. మూడో రోజు పిల్లి పాలగిన్నె దగ్గరికి రాలేదు. "చూడరేం?" అంది భార్య. "చేతులు కడుక్కొస్తానుండు," అని, కడిగిన చేతులతోనే ఆయన మళ్లీ కుళాయి వైపు నడిచాడు.