పట్టపగటి అరుంధతి

ప్రాగ్‌లో పెళ్ళి చేసుకుంటానని మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను దోసె తిరగేస్తున్నాను. ఇక్కడ అమెరికాలో, మా అల్ఫారెట్టాలో మన గుడి ఉంది, హాలుంది, పిలవకపోయినా వచ్చే జనం ఉన్నారు. "అన్నీ వదిలేసి యూరప్‌లో ఎవరి ముంగిట్లోనో పందిరి వెయ్యాలా?" అన్నాను. అది తానుండే రెడ్‌మండ్ నుంచి నవ్వింది. మా ఆయన మాత్రం కాఫీ కప్పు కింద పెట్టి, "ఆ వంతెన ఊరేనా?" అని అడిగారు.

ఆ వంతెన ఊరు మా ఇంట్లో చాలాకాలం కాపురం ఉంది. అమ్మాయి చిన్నప్పుడు తండ్రీకూతుళ్ళు డైనింగ్ టేబుల్ మీద ప్రాగ్ బొమ్మ ముక్కల పజిల్ పేర్చేవాళ్ళు. ఎర్ర పెంకుల కప్పులు, గోపురాలు, నది, దాని మీద నల్లబడ్డ రాతి వంతెన. ఆకాశం ముక్కలన్నీ ఒకేలా ఉండేవి, అందుకని అవి ఆయన వాటా. అది పూర్తయ్యేదాకా మేం కిచెన్ కౌంటర్ దగ్గర నిలబడే అన్నం తిన్నాం. "ఎప్పటికైనా వెళ్దాం నాన్నా" అనేది అమ్మాయి. వెళ్ళనేలేదు.

ఇప్పుడు తొందర వచ్చిపడింది. ఆయన చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తోందని, ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేమని డాక్టర్ అన్నారు. కూతురి పెళ్ళి ఆయన కళ్ళారా చూడాలి, అంతే. వచ్చే ఏడాది అనుకున్నదాన్ని ఈ ఏప్రిల్‌కి మార్చేశాం.

ఆ తర్వాత నేను ఈ లోకంలో లేను. గిన్నెలు కడుగుతుంటే కిటికీలోని పైన్ చెట్లు మాయమై గోపురాలు లేచేవి. రాళ్ళు పరిచిన వీధిలో నా కూతురు పసుపు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నడిచొచ్చేది, వెనక ఎక్కడో గంటలు మోగేవి. ఇండియన్ స్టోర్‌లో కొబ్బరికాయ చెవి దగ్గర ఊపి చూస్తూ, దీన్ని ఆ నది ఒడ్డున కొడితే ఎలా ఉంటుందో అనుకుంటూ నిలబడిపోయేదాన్ని. ప్రాగ్‌లో పెళ్ళి ఏర్పాట్లు చూసిపెట్టే ఒకావిడ వీడియో కాల్‌లో ఓపిగ్గా అన్నీ రాసుకుంది. పాత భవనం లోపల హోమం కుదరదట, మధ్యలో ఉన్న ప్రాంగణంలో చేసుకోవచ్చట, కాకపోతే పైన కప్పు ఉండదట. కప్పు ఉండదనగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎందుకంటే నా పెళ్ళి మిట్టమధ్యాహ్నం జరిగింది. తలంబ్రాలయ్యాక పురోహితుడు మమ్మల్ని ఎండలో నిలబెట్టి, వేలు పైకి చూపించి, "అదిగో అరుంధతి, కనిపించిందా?" అన్నారు. తెల్లటి ఆకాశం, కళ్ళలో నీళ్ళు. "కనిపించింది" అన్నాను. మా ఆయనా అన్నారు. పగటి పెళ్ళిళ్ళలో అందరూ అనే మాటే అది. అయినా నాకెందుకో ఆ నక్షత్రం మీద ఆశ చావలేదు. ఆ ప్రాంగణంలో, దీపాలు పెట్టే వేళ పెళ్ళయితే, ఈసారి నిజంగానే చూస్తాం. ఆయన చూపు ఉండగానే ఇద్దరం పక్కపక్కన నిలబడి చూస్తాం. పంతులుగారి వెంటపడి, ప్రాగ్ సూర్యోదయం లెక్క కట్టించి, సాయంత్రపు ముహూర్తం పెట్టించాను.

రోజూ పొద్దువాలాక వాకింగ్‌లో ఆయనకి ఆ పెళ్ళంతా వర్ణించేదాన్ని. ఆయన నా భుజం మీద చెయ్యి వేసుకుని వింటూ నడిచేవారు. ఇన్నేళ్ళలో వీధిలో నా చెయ్యయినా పట్టుకోని మనిషి! కూతురి పెళ్ళి మాటలు ఈయన్ని మళ్ళీ పెళ్ళికొడుకుని చేశాయని మురిసిపోయాను.

చీరలు చూసుకోవడానికి అమ్మాయి ఇంటికొచ్చింది. ముహూర్తం చెప్పగానే దాని మొహం వాడిపోయింది.

"ఈవినింగ్ వద్దమ్మా. మార్నింగ్‌కి చేంజ్ చేయించు."

"ఫోటోల కోసమా? మీ ఫోటోల పిచ్చికి నా నక్షత్రం పోవాలా?" గయ్యిమన్నాను.

అది గరాజ్ వైపు చూసింది. వాళ్ళ నాన్న అక్కడ ఏదో వెతుక్కుంటున్నారు. గొంతు తగ్గించింది. "నాన్నకి డార్క్‌లో అస్సలు కనిపించట్లేదమ్మా. నిన్న రాత్రి పార్కింగ్‌లో ఎదురుగానే నించున్నా, నన్ను చూడలేదు. నా వాయిస్ విని తిరిగాడు. నీకు తెలీదా?"

నా భుజం మీది చెయ్యి గుర్తొచ్చింది. సైడ్‌వాక్ దిగే చోట, వీధి దీపం లేని మలుపులో, బిగుసుకునే ఆ వేళ్ళు. ఆయన దారి తడుముకుంటుంటే నేను నక్షత్రాల కబుర్లు చెప్పాను. ఏడుపొచ్చింది. నాతో ఒక్క మాట అనలేదని కోపమూ వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆయన ముందే పంతులుగారికి ఫోన్ చేసి, పగటి ముహూర్తం చూడమన్నాను. ఫోన్ పెట్టేశాక ఆయన మెల్లగా, "మరి నీ అరుంధతి?" అన్నారు.

"పట్టపగలు ఎవరికి కనిపిస్తుందండీ? పెళ్ళిపీటల మీది పిల్లలిద్దరూ కనిపించిందంటారు. నేనూ అంటాను. మీరూ అందురుగాని."

"నాకది అలవాటే కదా" అన్నారాయన.

ఆ సాయంత్రం వాకింగ్‌కి బయల్దేరేటప్పుడు నేనే ఆయన చెయ్యి తీసి నా భుజం మీద వేసుకున్నాను. వంతెన మీద పొద్దుటి ఎండ ఎలా ఉంటుందో చెప్తూ నడిచాను. మలుపు దగ్గర, ఇక్కడ సైడ్‌వాక్ దిగాలి అని కూడా చెప్పాను.