పట్టుపురుగులకు తెలియని రూల్సు

ఆ రోజుల్లో నాకు రెండే నమ్మకాలు: హైదరాబాద్‌లో పెరిగినవాడికి అన్నీ తెలుసు, చేతిలో ఫోనున్నవాడికి ఇంకాస్త ఎక్కువ తెలుసు. ఆ నమ్మకాలతోనే హిందూపురంలో ఒక పట్టుపురుగుల పరిశోధన కేంద్రంలో చేరాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సైంటిస్టులను నెలకోసారి తెరమీద కలిపి మాట్లాడించడం నా ఉద్యోగం. మొదటిసారి అందరూ ఒకేసారి మాట్లాడేసరికి నాకు మండిపోయి, రూల్సు రాసి గోడకు అంటించాను. ఒకరు మాట్లాడుతుంటే మిగతా మైకులు బంద్. హోదా ప్రకారం వరస. పెద్దవాళ్లు ముగిస్తేనే చిన్నవాళ్లకు అవకాశం. (ఎవరు ముందు మాట్లాడినా కంప్యూటర్‌కు అభ్యంతరం లేదు. నాకే ఉంది.)

తర్వాతి నెల మీటింగ్ మొదలవగానే ఒక రైతు అవ్వ తట్టతో లోపలికొచ్చింది. నాలుగోసారి పొర విడిచే నిద్ర లేచి ఆకు కరకర నమలాల్సిన పురుగులు తలలెత్తి మెలికలు తిరుగుతున్నాయి. "పొద్దున్నుంచి ఆకు ముట్టలేదప్పా. ఇంట్లో అన్ని తట్టలూ ఇట్లే ఉండాయి. పంటంతా పోతాది" అంది.

పురుగుల జబ్బుల సంగతి బాగా తెలిసింది ధర్మవరం మేడమ్‌కే. అందరికన్నా జూనియర్ కాబట్టి వరసలో చిట్టచివర. తెరమీద తట్టను చూసి అప్పటికే చెయ్యెత్తింది. పెనుకొండ పెద్దసారేమో స్వాగతం ముగించి, కాగితాల కట్ట విప్పి చదవడం మొదలుపెట్టారు.

"ఆయమ్మ చెయ్యెత్తినాది గదప్పా?"

"వరస రావాలవ్వా."

"ఆ సారు ఇప్పుడిప్పుడే ఇడిసేట్టు లేడు. నీ చేతిలో ఫోనుండాది గదా, ఆయమ్మకి కొట్టు."

"మీటింగ్ బయట మాట్లాడితే చెల్లదు!" అని అరిచాను.

అవ్వ తట్టను నా ముందుకు జరిపింది. "పురుగులకి తెలుస్తాదా ఆ సంగతి?"

ఒక పురుగు మెలిక తిరిగి పచ్చగా కక్కింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది, ఎవరిమీదో తెలియలేదు. నంబర్ నొక్కి ఫోను అవ్వ చెవికి ఆనించాను. తెరమీద మేడమ్ ఎత్తిన చెయ్యి దించి ఫోనెత్తింది.

"పక్క చేన్లో మందు కొట్టినారా అవ్వా?"

"నిన్న చెనిక్కాయలకి కొట్టినారమ్మా."

"అది నీ ఆకుమీద పడుంటాది. ఆ ఆకంతా తీసేయ్. కిటికీలు తెరిచి, వేరే తోట ఆకు తెచ్చెయ్."

అవ్వ తట్టతో పరుగు తీసింది. పెద్దసారు పదో పేజీలో ఉన్నారు. మేడమ్ వంతు రాకముందే మీటింగ్ అయిపోయింది. "సభ్యులందరూ క్రమశిక్షణ పాటించారు. అవ్వ సమస్య వచ్చే సమావేశానికి వాయిదా" అని రిపోర్టు రాసింది కూడా నేనే.

రెండు వారాలకు అవ్వ వచ్చి ఒక పట్టుగూడు నా చేతిలో పెట్టింది. "సగానికి పైన బతికినాయప్పా" అని, గోడమీది రూల్స్ కేసి చూసి అడిగింది: "ఆ సారు చదివేది అయిపోయినాదా?"

నా చేతిలో ఇప్పుడూ ఫోను ఉంటుంది, ముక్కుమీద కోపమూ ఉంటుంది. కానీ గోడకు రూల్సు అంటిస్తున్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, వాడికి ఒక ఫోన్ కొట్టాలనిపిస్తుంది. ఎత్తడు లెండి. నీ వరస ఇంకా రాలేదంటాడు.