గిటార్ చేసేది నేను, అడిగేది మా ఆయన్ని

చెక్క కోయడం నుంచి తీగలు బిగించేదాకా ఎలక్ట్రిక్ గిటార్ పనంతా నాదే. ఈ రోజు మంచిర్యాల ఆర్కెస్ట్రాలో వాయించే ఒకాయన, తన చేతికి సరిపోయే గిటార్ కావాలని గోదావరిఖనిలో మా ఇంటికి వచ్చాడు. నేను డ్రాయింగ్ గీసి ముందు పెట్టాను. అతనేమో, గనిలో రాత్రి షిఫ్టు దిగి వచ్చి ఆవులిస్తున్న మా ఆయన వైపు తిరిగాడు.

"అన్నా, గిటార్ మెడ ఇంకింత సన్నగ చేస్తవా?"

"నాకేం తెలుసు తమ్మీ? నేను బొగ్గు తీసేటోణ్ణి. గిటార్ చేసేది మా ఆమె, ఆమెనడుగు."

"గట్లనా! మరి తీగల కింద సౌండ్ పట్టే పికప్‌లు ఏడ పెడ్తవన్నా?"

ఒళ్లు మండింది. డ్రాయింగ్ చింపేసి, నీ గిటార్ నేను చెయ్యనని చెప్పాను. చాయ్ గ్లాసు కింద పెట్టి లేచి వెళ్తూ అప్పుడు చూశాడు నా మొహం.

"చాయ్ మాత్రం మస్తుగున్నదక్కా!"

ఆ చాయ్ పెట్టింది మా ఆయన. నవ్వాలో, తన్నాలో మీరే చెప్పండి.